బిగించిన కప్పు

సన్నమొగపాలెం,
ఫిబ్రవరి నెలాఖరు.

చిరంజీవి గణేష్‌బాబుకి బావ బుల్లబ్బాయి రాస్తున్నది.

నువ్వు మొన్న ఫోను చేశావని పక్కింటావిడ పాపాయి తెచ్చి నా చేతికిచ్చింది. చెవికి ఆనించుకుని ఊ, ఊ అన్నాను. నువ్వేం చెప్పావో ఆ దేవుడికే తెలియాలి. ముప్ఫై ఏళ్ళు బోటు ఇంజను పక్కన కూర్చున్నవాడి చెవికి మనిషి గొంతు ఎక్కడ ఆనుతుంది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ శంఖం ఊదేది నువ్వు, చెవిటివాణ్ణి నేను. మెసేజీలు పెట్టమంటావు, నా వేలితో ఒకటి నొక్కితే మూడక్షరాలు పడుతున్నాయి. అంచేత ఇకనుంచి ఉత్తరం రాయి. కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

మీ అక్క అప్పాయమ్మ సంగతి ఎప్పటిలాగే ఉంది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయినవి పడిపోయినట్టే ఉన్నాయి. మాట రాలేదు. ఎడమ చెయ్యి మాత్రం బాగా ఆడుతుంది, అన్నం ముద్ద బాగోకపోతే ఆ చేత్తోనే కంచం తోసేస్తుంది. ఆవిడకి మాట లేదు, నాకు చెవి లేదు, సరిపోయాం ఇద్దరం.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన తుపానుకి మీ అక్కని నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురం షెల్టరుకి మోసుకెళ్ళాం. నువ్వు ఆ రోజు లేవు. దారి పొడుగునా వాన మొహం మీద కొడుతూనే ఉంది. షెల్టరు మెట్లు ఎక్కిస్తుంటే ఆవిడకి మంచం మీదే ఒంటేలు పోయింది. ఊరు ఊరంతా మెట్ల మీదే ఉంది. చీర అడ్డం పట్టేలోపు అందరూ చూశారు. ఆవిడ కళ్ళు మూసుకుని మళ్ళీ ఇంటికి చేరేదాకా తెరవలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో మీ అక్క ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఇంటికొచ్చాక ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. మళ్ళీ తీసుకెళ్ళవద్దని అర్థం. తీసుకెళ్ళనని చేతిలో చెయ్యి వేశాను.

మా తాటాకు కప్పు సంగతి నీకు తెలుసు. ప్రతి కార్తీకంలోనూ ఎంతో కొంత ఎగిరిపోతుంది. మీ అక్క మంచం మీంచి కదలకుండా తుపాను దాటించే కప్పు ఒకటి కావాలి. నువ్వు ఊళ్ళవెంట తిరిగి కప్పులు వేసేవాడివి కదా. ఏది వేయించమంటావో చెప్పు.

ఇట్లు,
బావ.


కొవ్వూరు,
మార్చి.

బావగారికి గణేష్‌బాబు నమస్కరించి రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి మా అక్క. ఆవిణ్ణి ఆ మెట్ల మీద అలా చూపించింది మన దరిద్రమేనండి. ముందు ఒక మాట. ఇద్దరూ కొవ్వూరు వచ్చేయండి. ఇది అద్దె ఇల్లే, మేడ మీదే, అయినా ఎలాగోలా సర్దుకుందాం.

రానంటారని తెలుసు. కాబట్టి అడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఇనప రేకులు వద్దు. మీకున్న ఉప్పుగాలికి రెండు వానాకాలాలు గడిచేసరికి స్క్రూల చుట్టూ తుప్పు తినేస్తుంది. ఊడి ఎగిరిందంటే అది రేకు కాదు, కత్తి. సిమెంటు రేకులు బరువు. కొబ్బరికాయ పడ్డా పగులుతాయి, మంచం మీంచి కదల్లేని మనిషి నెత్తిన అలాంటిది పెట్టకూడదు. స్లాబు వేద్దామంటే మీ గోడలకి ఆ బరువు మోసే పునాది లేదు, కిందంతా ఇసక.

నా మాట వింటే ప్లాస్టిక్ జాతి రేకులు వేద్దాం. ఇప్పుడు కొత్తగా వస్తున్నాయి. పెంకుటింటి కప్పులా అచ్చు పోసి ఉంటాయి. తుప్పు పట్టవు, తేలిక, ఎండ వేడి కిందికి తక్కువ దిగుతుంది. రావులపాలెంలో ఒక అరటికాయల వ్యాపారి షెడ్డుకి మేమే వేశాం. పోయిన తుపానుకి పక్క షెడ్డు మీది ఇనప రేకులు హైవే మీదికి పోయాయి. ఇవి కదల్లేదు. అయితే రేకు ఒక్కటే మంచిదైతే సరిపోదు. కింద పైపులు గోడలోకి కాంక్రీటు పోసి పాతాలి. చూరు బయటికి పొడుగ్గా వదలకూడదు. అంచుల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా వెయ్యాలి. అవన్నీ నేను దగ్గరుండి చేయిస్తాను.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. ఈ కప్పు గాలికి ఆగుతుంది. నీళ్ళు వస్తే ఏ కప్పూ ఆపలేదు. సముద్రం పొంగుతుందని చెప్పిన రోజున మాత్రం ఇల్లు వదలాల్సిందేనండి.

మీ గణేష్‌బాబు.


సన్నమొగపాలెం,
మార్చి.

గణేష్‌బాబుకి బావ రాస్తున్నది.

ఓరి నీ తెలివి తెల్లారా! నెత్తిన ప్లాస్టిక్ పెట్టుకోమంటావా? నీళ్ళ బిందె ప్లాస్టిక్, కుర్చీ ప్లాస్టిక్, ఇప్పుడు ఇల్లు కూడానా? చేపల మార్కెట్లో నలుగురికీ చెప్తే నలుగురూ నవ్వారు. "బావమరిది ఐసు పెట్టె మూతేదో అంటగట్టేత్తన్నాడు, సూసుకో మావా," అన్నాడు ఒకడు. పాపాయి నవ్వుతూ కాగితం మీద రాసి చూపించింది. ఈ మధ్య అది నాకు చెవి కింద పనిచేస్తోంది. మొగుడు నెలల తరబడి బోటు మీదే ఉంటాడు. ఇద్దరు పిల్లల్నేసుకుని ఒక్కతీ ఉంటుంది పాపం.

నువ్వు చేపల వ్యానులో పంపిన రేకు ముక్క చేరింది. మీ అక్క ఒళ్ళో పెట్టాను. గోటితో గీకింది. తిప్పి చూసింది. తర్వాత చెంపకి ఆనించుకుని అలాగే కాసేపు ఉంది, చల్లగా ఉందేమో. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. ఆవిడకి నచ్చాక నాకు నచ్చకపోతే మాత్రం ఏం లాభం?

కొవ్వూరు సంగతి అడిగాను. దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నీ మేడ మెట్లు ఆవిడకి గుర్తే. మెట్లంటేనే భయం పట్టుకుంది.

సరే, వెయ్యి నీ ప్లాస్టిక్కు. కానీ ఒకటి విను. సముద్రంలోకి పోయే పడవ ఎంత జాగ్రత్తగా కడతామో అంత జాగ్రత్తగా ఉండాలి నా ఇంటి కప్పు. గాలికి వేలు దూరే సందు కూడా ఇవ్వకూడదు.

బావ.


కొవ్వూరు,
ఏప్రిల్.

బావగారికి నమస్కారాలు.

పైపులు, రేకులు సిద్ధం. ఉగాది దాటాక నేనూ, మా పనివాడు ఆరోనూ వస్తాం. అక్కని ఆ రెండు రోజులూ పాపాయి ఇంట్లో ఉంచండి. మీరు మాత్రం నిచ్చెన ఎక్కకండి. వేలు దూరే సందు అన్నారు కదా, మీరు పైన ఉంటే మాకు పని చేసుకునే సందు కూడా ఉండదు.

అక్క చెంపకి ఆనించుకున్న ముక్కని ఆవిడ దగ్గరే ఉండనివ్వండి.

గణేష్‌బాబు.


సన్నమొగపాలెం,
మే.

గణేష్‌బాబుకి బావ దీవెనలు.

నువ్వెళ్ళి నెల దాటింది. ఎండలు మండిపోతున్నాయి. అయినా ఇంట్లో మధ్యాహ్నం పూట కునుకు పడుతోందంటే నమ్ముతావా? మీ అక్క ఒంటి మీద చెమటకాయలు తగ్గాయి. నవ్వినవాళ్ళే ఇప్పుడు గుమ్మంలో నిలబడి తల పైకెత్తి చూస్తున్నారు. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య అనే రకం కాదు నేను. నీ పని నలుగురికీ చెప్పుకుంటున్నాను.

కప్పు గురించి నువ్వేమీ బెంగ పెట్టుకోవద్దు. నా పడవకి ఏమేం చేస్తానో అవన్నీ దీనికీ చేశాను.

ఒక తమాషా చెప్పాలి. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి మీ అక్క ఎడమ చెయ్యి ఎత్తి కప్పు వైపు చూపిస్తుంది. ఒకసారి, కాసేపాగి మళ్ళీ ఒకసారి. "నీ తమ్ముడి పనితనం చూసి మురిసిపోతన్నావా ఏంటి?" అంటే కళ్ళు మూసుకుంటుంది. నువ్వంటే అంత ముద్దు ఆవిడకి.

బావ.


కొవ్వూరు,
జూన్.

బావగారికి గణేష్‌బాబు నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. మీరు నన్ను మెచ్చుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి, దాచుకుంటాను.

అక్క చెయ్యెత్తి చూపించడం మురిపెం కాదేమోనండి. బల్లి గాని తిరుగుతోందేమో చూడండి. లేకపోతే కప్పు చప్పుడు గాని చేస్తోందేమో. మీకు ఎలాగూ వినపడదు, మధ్యాహ్నం ఒకసారి పాపాయిని కూర్చోబెట్టి వినమనండి.

ఇక్కడ పని ఊపిరి సలపనివ్వడం లేదు. ధవళేశ్వరంలో ఆఫీసు క్వార్టర్లకి కప్పు మారుస్తున్నాం. వానలు పడేలోపు ముగించాలి.

గణేష్‌బాబు.


సన్నమొగపాలెం,
జులై.

గణేష్‌బాబుకి.

బల్లీ లేదు, తొండా లేదు. పాపాయి వచ్చి కూర్చుంది. ఎండ వేళకి అక్కడక్కడ టిక్, టిక్ మంటోందని రాసి చూపించింది. ఏ కప్పు మాత్రం అనదు? తాటాకు కప్పు రాత్రంతా గుసగుసలాడేదని మాట ఉన్న రోజుల్లో మీ అక్కే అనేది. వానలు పడ్డాక మీ అక్క చెయ్యెత్తడం కూడా తగ్గింది. అనుమానం పెనుభూతం, వదిలెయ్యి.

పాపాయి కూడా నీ రేకులే తెప్పించుకుంది. ఇక్కడి వడ్రంగి చేత వేయించాం. మీ వాళ్ళ కంటే బాగా వేశాం, ఎందుకంటే నేనున్నాను.

ఊరి సచివాలయం వాళ్ళు వచ్చి తుపానుకి షెల్టరుకి వచ్చేవాళ్ళ పేర్లు రాసుకున్నారు. మంచం పట్టిన మనుషుల్ని ముందు తీసుకెళ్తామన్నారు. మా పేర్లు కొట్టేయించాను. మీ అక్క ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఎంతసేపు వదల్లేదో.

బావ.


కొవ్వూరు,
ఆగస్టు.

బావగారికి.

టిక్‌మనడం ఎండకి మామూలేనండి, భయపడక్కర్లేదు. పేర్లు కొట్టేయించడం మాత్రం నాకు నచ్చలేదు. ఇక్కడ గోదారి ఎర్రగా పారుతోంది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు. మీ దగ్గర నది ఎలా ఉందో రాయండి.

గణేష్‌బాబు.


కొవ్వూరు,
అక్టోబరు.

బావగారికి గణేష్‌బాబు కాళ్ళకి మొక్కి రాస్తున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే అందదని ఆరోన్ చేతికిచ్చి చేపల వ్యానులో పంపిస్తున్నాను. తుపాను మీ వైపే వస్తోందని టీవీలో పొద్దుటి నుంచీ చెప్తున్నారు. రేపు చీకటి పడే వేళకి తీరం దాటుతుందట. కప్పు నేనే వేశాను, దాని మీద నాకు నమ్మకం ఉంది. సముద్రం మీద లేదు. పరువు తర్వాత చూసుకుందాం. అక్కని మోయడానికి ఆరోన్ ఉంటాడు. ఇంకో ఇద్దరిని పిలవండి. మంచం చుట్టూ ముందే చీరలు కట్టించండి, ఎవరూ చూడరు. దయచేసి వెళ్ళండి.

జవాబు ఆరోన్ చేతే పంపండి.

గణేష్‌బాబు.


సన్నమొగపాలెం,
అదే రోజు.

గణేష్‌బాబుకి.

వ్యాను వాళ్ళు తొందరపడుతున్నారు, పొట్టిగా రాస్తున్నాను. నీళ్ళు రావని సచివాలయం వాళ్ళు చెప్పారు. ఈసారి గాలే ఎక్కువట. గాలికే కదా మనం కప్పు వేసుకున్నది. నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. ఇల్లు వదిలి రమ్మంటున్నాడు నీ తమ్ముడు, ఏం చేద్దామన్నాను. చెయ్యెత్తి కప్పు చూపించింది. ఈ కప్పుండగా ఎక్కడికీ రానని అర్థం. ఇంకేం చెప్పాలి?

పాపాయినీ పిల్లల్నీ షెల్టరుకి పంపించాను. ఆరోన్‌ని మీ ఊరికి తిప్పి పంపిస్తున్నాను, పెళ్ళాంపిల్లలున్నవాడు.

బావ.


సన్నమొగపాలెం,
నవంబరు.

గణేష్‌బాబుకి.

మీ అక్క చితి దగ్గర నువ్వు నా భుజం మీద చెయ్యి వేయబోతే తోసేశాను. ఎందుకు తోశానో నలుగురిలో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

చీకటి పడక ముందే సముద్రం వైపు మూల లేచింది. నాకు వినపడలేదు, చల్లగాలి మెడ మీద తగిలి పైకి చూశాను. ఆకాశం కనిపించింది. ఆ తర్వాత ఒక్కో రేకూ, ఎవరో కాగితం చింపుతున్నట్టు చిరిగి పోయింది. ఇనుము కాదు, తాటాకు కాదు, చిరిగింది! స్క్రూలు పైపులకి అలాగే ఉన్నాయి, గోడలో పైపులు అలాగే ఉన్నాయి. నీ రేకే చిరిగింది. మీ అక్కని మంచంతో సహా గోడ వారకి లాగి, పాత వల నాలుగు మడతలు వేసి కప్పి, దాని మీద నేను పడుకున్నాను. తెల్లారేదాకా వాన ఇద్దరి మీదా కురిసింది. నా కింద ఆవిడ ఒళ్ళు వణుకుతూనే ఉంది. నేనొక్కణ్ణీ ఎత్తి బయటికి మోయలేకపోయాను. పిలిస్తే పలికేవాళ్ళు లేరు, పలికినా నాకు వినపడదు.

అమలాపురం ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. వాళ్ళు చెయ్యగలిగింది చేశారు.

ఆ మెట్ల మీద సిగ్గుపడి అయినా బతికి ఉండేది. నీ ప్లాస్టిక్కుని నమ్మాను, ఆవిణ్ణి పోగొట్టుకున్నాను. పెద్దకర్మకి నువ్వు రావద్దు. వచ్చినా నీ మొహం చూడలేను.

బుల్లబ్బాయి.


కొవ్వూరు,
నవంబరు.

బావగారికి.

మీరన్నది నిజం. తప్పు నాదే. నేను చెప్పిన కప్పు, నేను వేసిన కప్పు. రావద్దన్నారు, రాను. అక్క పేరు మీద ఇక్కడే గోదాట్లో మునిగి దణ్ణం పెట్టుకుంటాను.

మీరు అన్నం తింటున్నారో లేదో పాపాయి చేత ఒక్క ముక్క రాయించండి.

గణేష్‌బాబు.


సన్నమొగపాలెం,
డిసెంబరు.

గణేష్‌బాబుకి బావ రాస్తున్నది.

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. ఎదురు మాట అంటావని చూశాను, అనలేదు. ఒప్పుకున్నవాడి మీద ఎంతకాలం కోపం నిలుపుకుంటాం? మీ అక్కకి మిగిలింది నువ్వు, నాకూ మిగిలింది నువ్వే. అన్నం తింటున్నాను. పాపాయి తెచ్చి పెడుతోంది.

ఒక సంగతి రాయాలనిపించింది. పాపాయి ఇంటి కప్పు నిలబడింది. ఆ ఇల్లు పక్కదే అయినా కొబ్బరితోట చాటున ఉందిలే, గాలి తగ్గి తగిలింది, అయినా నిలబడింది. ఎందుకంటే దాని ప్రతి స్క్రూ మొదట్నించీ నేను బిగించిందే. నువ్వు బాధపడతావని ఇంతకాలం చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. నువ్వు కప్పు వేసి వెళ్ళిన మర్నాడే నేను ఎక్కి చూశాను. నీ వాళ్ళు కన్నాలు స్క్రూ కంటే లావుగా చేసి వదిలేశారు. వాషరు ఎత్తి చూస్తే చుట్టూ సందు! చేత్తో పట్టుకుంటే కదులుతున్నాయి. పడవలో వదులుందంటే చావే. అందుకని సందులన్నీ దూది కూరి తారు పోసి, ప్రతి స్క్రూ పానాతో తిరిగినంత వరకూ తిప్పాను. నీ పనివాళ్ళు చెడగొట్టినదాన్ని అంత చేసినా నిలబెట్టలేకపోయాను. పాపాయి ఇంటికి కన్నాలే సన్నగా చేయించాను.

పాపాయి ఇల్లు చూసి ఇప్పుడు ఊళ్ళో ఇంకో నలుగురు అవే రేకులు వేసుకున్నారు. తాటాకు పోయింది, ఇంకేం చేస్తారు? వాళ్ళ కప్పులు కూడా బిగించిపెట్టమని అడిగారు. పానా, తారు డబ్బా పట్టుకుని రోజూ ఎక్కుతున్నాను. టార్పాలిను కప్పిన ఇంట్లో కూర్చుంటే మీ అక్క మంచం కనిపిస్తుంది. పైన ఉంటే కాస్త నయం. ఇంకెవరి ఇంట్లోనూ అలా జరగకూడదు. మీ అక్క పేరు మీద అనుకుని చేస్తున్నాను.

బావ.


కొవ్వూరు,
డిసెంబరు.

బావగారికి గణేష్‌బాబు రాస్తున్నాను.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. మీరు కూర్చుని చదవండి. దయచేసి పాపాయి చేతికివ్వకండి, మీరే చదవండి.

ఆ కన్నాలు లావుగా చేయించింది నేనే. ఆ రేకు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఇనుము కంటే చాలా ఎక్కువ. కదలడానికి చోటుండాలనే కన్నం పెద్దది చేసి, పైన వెడల్పు వాషరు వేసి, ముట్టుకునేంత వరకే బిగిస్తాం. సందు మూసేసి, స్క్రూ తిరిగినంత వరకూ బిగిస్తే రేకు ఎండకి సాగడానికి చోటు లేక కన్నం దగ్గర పగులుతుంది. ఆ టిక్‌మన్న చప్పుడు అదే. పగులు ఉన్నచోట గాలి పట్టుకుంటే చిరుగుతుంది. స్క్రూ పైపుకే ఉండిపోతుంది, మీరు రాసినట్టే.

చితి దగ్గరికి వస్తుంటే ఇసకలో ఒక ముక్క దొరికింది. కన్నం నిండా తారు. దాని చుట్టూ నాలుగు వైపులా పగుళ్ళు. అప్పుడే తెలిసింది. మీరు నన్ను తోసేసినప్పుడు ఆ ముక్క నా జేబులోనే ఉంది. మీరు మీ చేతులతోనే అక్కని పోగొట్టుకున్నారని మీకు తెలియడం కంటే నన్ను తిట్టుకుంటూ బతకడం మేలనుకున్నాను. నా తప్పేనని రాశాను. బతికినంత కాలం అలాగే ఉండనిద్దామనుకున్నాను.

మీరు మిగిలిన ఇళ్ళు ఎక్కుతున్నారు. పాపాయికి ఇద్దరు పిల్లలు. వచ్చే ఎండాకాలానికి ఆ కప్పులన్నీ పగులుతాయి, ఆ పైన వచ్చే తుపానుకి పోతాయి. అందుకే చెప్పక తప్పలేదు, క్షమించండి.

తప్పు నాది కాదని నేను అనడం లేదు. ఇదంతా ఉత్తరంలో రాయాల్సింది. పైపుల కొలతలు రాశాను, అక్కర్లేనివన్నీ రాశాను. ఇది మాత్రం ఆ రోజు కప్పు మీంచి కిందికి నోటితో చెప్పాను. "బావగారూ, స్క్రూలు కొంచెం వదులుగా ఉంటాయండి, ముట్టుకోకండి," అన్నాను. మీరు ఆయ్, ఆయ్ అని తల ఊపారు. మీకు వినపడదని తెలిసి కూడా మీరు ఊపిన తలని నమ్మాను. పడవకి చేసినవన్నీ చేశానని మీరు రాస్తే నవ్వుకున్నాను. చప్పుడు వస్తోందంటే మామూలేనన్నాను. ఒక్కసారి వచ్చి నిచ్చెన ఎక్కి ఉంటే చాలు. పని ఉందనుకున్నాను.

కప్పు ఎక్కడం ఆపండి బావగారూ. మీ కోపం ఎంతైనా పడతాను.

గణేష్‌బాబు.


సన్నమొగపాలెం,
జనవరి.

గణేష్‌బాబుకి.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఒకసారి చదివి మీ అక్క మంచం నులకలో దూర్చాను. మళ్ళీ తియ్యలేదు. తియ్యకపోయినా ప్రతి ముక్కా గుర్తుంది.

ముందు నువ్వు అబద్ధం రాస్తున్నావనుకున్నాను. తప్పు ఒప్పుకుని రెండు నెలలు తిరక్కుండా మాట మార్చాడు, కొవ్వూరు నీళ్ళు తాగినవాడు అనుకున్నాను. తర్వాత ఒక ఎండ పొద్దున పాపాయిని వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, పైన చప్పుడు వినిపిస్తే చెప్పమన్నాను. నేను ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ చెయ్యెత్తి పైకి చూపించింది. సరిగ్గా మీ అక్క చూపించినట్టే.

ఇక ఆ సంగతి రాయలేను. మీ అక్క తమ్ముడివి నువ్వు, అర్థం చేసుకో. మాట రాని మనిషి నెలల తరబడి చెప్తూనే ఉంది. పక్కన కూర్చుని నేను వేళాకోళమాడాను.

నువ్వు దాచి ఉంటే సుఖంగా ఉండేవాణ్ణి. నిన్ను తిట్టుకుంటూ పోయేవాణ్ణి. ఎందుకు రాశావని రోజూ అనుకుంటాను, రాయకపోతే పాపాయి పిల్లలేమయ్యేవారో అని ఆ వెంటనే అనుకుంటాను. నీ మీద కోపం లేదు. నా మీద ఉన్నదాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియడం లేదు.

పాపాయి ఇంటి స్క్రూలు విప్పాను. తారు గీకేశాను. కన్నాలు పెద్దవి చెయ్యడానికి నీ డ్రిల్లింగు మిషను కావాలి. మిగిలిన నాలుగిళ్ళకీ కూడా చెయ్యాలి. బిగించమని పిలిచిన ఇళ్ళకే మళ్ళీ వెళ్ళి వదులు చేస్తానంటే ఎందుకని అడుగుతారు. ఇంతవరకు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చేపల మార్కెట్లో నీ రేకుల్ని, నిన్నూ తిట్టిన తిట్లు అందరూ విన్నారు. ఇప్పుడు అదే మార్కెట్లో నిలబడి, అప్పాయమ్మని చంపింది రేకు కాదు, నా పానా అని చెప్పాలి.

నువ్వు రా. మిషను తెచ్చుకో, ఒక పుస్తకం, కలం కూడా తెచ్చుకో. నేను చెప్తుంటే పక్కన నిలబడు. వాళ్ళేమంటారో నాకు వినపడదు. అన్నది అన్నట్టు రాసి నా చేతికియ్యి. బావని కదా అని ఒక్క మాట కూడా తగ్గించవద్దు.

బావ.